రాతిని పట్టుకున్న చేప



మీరు ఎప్పుడైనా మీ నాన్నగారి వెంట ఫుజైరా చేపల బజారుకు వెళ్ళారా? తెల్లవారుతూనే వెళితే మంచుగడ్డల మీద వరుసగా పేర్చిన వంజరం, కానాగంతలు, సొరచేపలు కనిపిస్తాయి. మనం వంజరం అనే చేపను ఇక్కడివారు కనద్ అంటారు. అవన్నీ సముద్రపు చేపలు. ఫుజైరా తీరమంతా ఒమాన్ సింధుశాఖ మీదనే ఉన్నది కాబట్టి ఈ ఊరికీ సముద్రానికీ ఉన్న బంధం చాలా పాతది.

మరి మంచినీటి చేపల సంగతి ఏమిటి? సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు మీ అమ్మమ్మగారు వండిపెట్టే బొచ్చె, శీలావతి, కొర్రమీను ఉప్పునీటిలో పెరిగేవి కావు. అవి ఏటి చేపలు, చెరువు చేపలు. ఏరు అంటూ లేని ఈ రాతికొండల దేశంలో అలాంటి చేప ఒకటైనా ఉంటుందా?

ఉంటుంది. ఆ చేపను గురించీ, దానికి దూరపు బంధువులైన మన కృష్ణానది చేపలను గురించీ, వాటిని పట్టి బతికే మనుషులను గురించీ ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒక సీసా, మూడు చేపలు

ముందుగా మా తరగతిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక ఆదివారం నాడు ఏడో తరగతి చదివే అబ్బాయి ఒకడు మంచినీళ్ళ సీసా పట్టుకొని తరగతికి వచ్చాడు. సీసాలో వేలెడంత చేపలు మూడు ఉన్నాయి. రెండు అప్పటికే వెల్లకిలా తేలుతున్నాయి. మూడోది సీసా గోడకు నోరు ఆనించి కదలకుండా ఉన్నది.

"ఎక్కడివిరా ఇవి?" అని అడిగాను.

"నిన్న మా నాన్నగారు కొండలవైపు తీసుకువెళ్ళారండీ. వాదీలో చిన్న మడుగు ఉంది. అందులో పన్నెండు చేపలు ఉన్నాయి. నేను లెక్కపెట్టాను. మూడు పట్టాను" అని ఉత్సాహంగా చెప్పాడు.

పట్టకూడదు నాయనా అన్నాను. వాడు తల వంచుకోలేదు. నా ముఖంలోకి చూసి, "మా తాతగారు శ్రీశైలం దగ్గర రోజూ చేపలు పడతారు కదండీ! ఆయన పడితే తప్పు కానిది నేను పడితే ఎందుకు తప్పు?" అని అడిగాడు.

తరగతి అంతా నావైపు చూసింది. మంచి ప్రశ్నకు కోప్పడి జవాబు చెప్పకూడదు. అందుకని ఆ రోజు పుస్తకం మూసి ఆ ప్రశ్ననే పాఠంగా చెప్పుకున్నాం. గంట కొట్టేలోగా మూడో చేప కూడా చనిపోయింది. సీసాలోని నీరు వేడెక్కితే అందులోని ప్రాణవాయువు తగ్గిపోతుంది. నోరు ఎంత తెరిచినా చేపకు ఊపిరి అందదు.

వాదీ అంటే ఏమిటి?

ఫుజైరా వెనుక గోడ కట్టినట్లు నిలబడిన కొండలను హజర్ పర్వతాలు అంటారు. అరబ్బీ భాషలో హజర్ అంటే రాయి. ఈ పర్వతశ్రేణి ముసందం నుంచి ఒమాన్ దేశంలోకి సుమారు 700 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. ఒమాన్‌లో ఉన్న జెబెల్ షమ్స్ శిఖరం దాదాపు 3,000 మీటర్ల ఎత్తు ఉంటుంది.

ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో ఏడాది పొడవునా పారే నది ఒక్కటి కూడా లేదు. ఉన్నవి వాదీలు. వాన కురిసినప్పుడు కొండమీది నీరు దిగివచ్చే రాతి లోయను వాదీ అంటారు. మన వాగు, వీరి వాదీ చెవికి దగ్గరగా వినిపించినా రెండు మాటలకూ చుట్టరికం లేదు. పనిలో మాత్రం పోలిక ఉన్నది. రెండూ వానకు పొంగుతాయి, ఎండకు ఎండుతాయి.

ఇక్కడ వాన చాలా తక్కువ. ఫుజైరా ప్రాంతంలో ఏడాదికి సగటున నూరు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురుస్తుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో సగటు వర్షపాతం 900 మిల్లీమీటర్లు దాటుతుంది. పైగా ఇక్కడి వాన ఏటా ఒకేలా రాదు. కొన్నేళ్ళు చాలా తక్కువగా కురవవచ్చు. ఒక్క రోజులో ముంచెత్తవచ్చు.

మరి వాన లేనప్పుడు వాదీలో నీరు ఎక్కడినుంచి వస్తుంది? వాదీ అడుగున గులకరాళ్ళు, ఇసుక దట్టంగా పరచుకొని ఉంటాయి. వాననీరు వాటిలోకి ఇంకి, నేల లోపల మెల్లగా నడుస్తుంది. దారిలో గట్టి రాతిపొర అడ్డం వస్తే ఆ నీరు పైకి ఉబికి ఊటగా కనిపిస్తుంది. ఊట ఉన్నచోట చిన్న మడుగు ఏర్పడుతుంది. చుట్టూ ఎండిన రాళ్ళు, మధ్యలో మీ తరగతి గదిలో సగమైనా లేని నీరు. ఆ నీరే ఆ లోయకు ప్రాణం. అడవి మేక, నక్క, పక్షి, కప్ప, తూనీగ అన్నీ అక్కడికే రావాలి.

పూర్వం ఇక్కడి రైతులు ఊటనీటిని సన్నని కాలువల ద్వారా ఖర్జూరపు తోటలకు మళ్ళించేవారు. ఆ కాలువను ఫలజ్ అంటారు. నేటికీ కొన్ని తోటలలో ఫలజ్ పారుతూనే ఉన్నది. ఆధునిక కాలంలో వాదీలకు ఆనకట్టలు కట్టారు. వాదీ హామ్ ఆనకట్టను 1982లో కట్టారు. వరద నుంచి ఊరిని కాపాడటం, నిలిచిన నీటిని నేలలోకి ఇంకించి బావులకు బలం ఇవ్వటం దాని పని. వాన తరువాత అక్కడ నీరు సరస్సులా కనిపిస్తుంది. కొన్నాళ్ళకు ఇంకిపోతుంది. ఇక్కడి సరస్సులు అతిథులవంటివి.

గరా చేప

ఇక మన కథానాయకుని పరిచయం చేసుకుందాం. వాదీ మడుగులలో ఉండే ఈ చిన్న చేపను శాస్త్రజ్ఞులు గరా బరైమియే అని పిలుస్తారు. అల్ ఐన్ పక్కనే ఒమాన్‌లో ఉన్న బురైమీ ఒయాసిస్సు పేరు మీద 1956లో దీనికి ఆ పేరు పెట్టారు. దీని పొడవు మీ అరచేతిని మించదు. ఒళ్ళు గోధుమ, బూడిద రంగుల మచ్చలతో రాతిలో రాయిలా కలిసిపోతుంది. కదిలితే తప్ప కంటికి కనబడదు.

దీని నోరు ముఖానికి ముందు ఉండదు, కిందివైపు ఉంటుంది. కింది పెదవి దగ్గర గుండ్రని బిళ్ళ వంటి భాగం ఉన్నది. దానిని రాతికి ఆనించి గట్టిగా అతుక్కుంటుంది. వేగంగా నీరు పారినా తేలికగా కొట్టుకుపోదు. తడిసిన రాతి గోడమీద మెల్లగా పాకుతూ చిన్న జలపాతాలను కూడా ఎక్కగలదు. రాళ్ళమీద పట్టిన పాచిని గీరి తింటుంది. పురుగులనూ, దోమపిల్లలనూ కూడా తింటుంది. ఫలజ్ కాలువలో ఈ చేప ఉంటే తోటవాళ్ళకు సంతోషం.

మీరు మడుగులో కాళ్ళు పెట్టి కదలకుండా కూర్చుంటే ఈ చేపలు వచ్చి పాదాలను మెల్లగా గిల్లుతాయి. పెద్ద బజారులలో డబ్బు తీసుకొని కాళ్ళు శుభ్రం చేయించే చేపలను చూసి ఉంటారు. అవి గరా రూఫా అనే చేపలు, దీనికి దగ్గరి చుట్టాలు.

ఇంకొక వింత వినండి. ఒమాన్‌లో అల్ హూతా అనే పెద్ద గుహ ఉన్నది. ఆ గుహలోని చీకటి నీటిలో ఉండే గరా చేపలకు చూపు లేదు, ఒంటికి రంగు లేదు. తరతరాలుగా వెలుగు చూడని చోట కళ్ళతో పని లేక అవి అలా మారిపోయాయి.

మరి మన ఊరి చేపలతో దీనికి బంధుత్వం ఏమిటి? శీలావతి, బొచ్చె ఏ కుటుంబానికి చెందినవో గరా కూడా ఆ కుటుంబానికి చెందినదే. అంతే కాదు. కృష్ణా, గోదావరి నదులలో కలిసే కొండవాగులలో కూడా ఇలాగే రాతిని పట్టుకొని బతికే గరా జాతి చేపలు ఉన్నాయి. మీరు సెలవులలో కొండవాగు దగ్గరకు వెళ్ళినప్పుడు రాళ్ళ అడుగున వెతికి చూడండి.

ఈ కొండలకూ మన దేశానికీ మరొక సంబంధం కూడా ఉన్నది. పందొమ్మిదో శతాబ్దం చివర మస్కట్‌లో జయకర్ అనే భారతీయ వైద్యుడు పనిచేసేవాడు. ఆయనకు జంతువులమీద ఎంతో ఆసక్తి. ఈ ప్రాంతపు చేపలను, జంతువులను సేకరించి లండన్‌లోని ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలకు పంపేవాడు. హజర్ కొండలలో తిరిగే అరేబియా అడవి మేకకు 1894లో ఆయన పేరే పెట్టారు. ఒక సముద్రగుర్రానికి కూడా ఆయన పేరు ఉన్నది. పరాయి దేశానికి పనికోసం వచ్చినవాడు ఆ దేశపు ప్రాణులను ఎంత ప్రేమగా గమనించాడో చూడండి.

మడుగులో బతుకు

ఎండాకాలం వచ్చిందంటే వాదీ కుంచించుకుపోతుంది. పెద్ద మడుగు చిన్నదవుతుంది, చిన్న మడుగు తడి మరకగా మిగులుతుంది. నీరు ఎండిన మడుగులోని చేపలు చనిపోతాయి. ఊట ఉన్న మడుగులో కొన్ని మిగులుతాయి. మళ్ళీ వాన కురిసి వాదీ పారినప్పుడు ఆ మిగిలిన చేపలే పైకీ కిందికీ పాకి, గుడ్లు పెట్టి, ఖాళీ మడుగులను నింపుతాయి. అంటే ఆ కొద్ది చేపలే మరుసటి ఏటికి విత్తనం. విత్తనపు గింజలు వండుకు తిన్న రైతు ఏం విత్తుతాడు?

మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఒక వాదీ చేప మరొక వాదీకి వెళ్ళలేదు. మధ్యలో ఎండిన కొండ, ఇవతల ఉప్పు సముద్రం. కాబట్టి ఒక లోయలోని చేపలు పూర్తిగా పోతే పక్క లోయ నుంచి వాటంతట అవి రావు.

ఈ సంగతి గుర్తించే ఫుజైరా ప్రభుత్వం 2009లో వాదీ వురయ్యాను రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఏడాది పొడవునా నీరు నిలిచే వాదీలలో అది ముఖ్యమైనది. 2010లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో, అంటే రామ్‌సర్ జాబితాలో, దానికి చోటు దక్కింది. 2018లో యునెస్కో సంస్థ దానిని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. జనం వచ్చి చెత్త వేయటం, రాళ్ళమీద రాతలు రాయటం ఎక్కువైనందున 2013 చివరిలో సాధారణ సందర్శకుల రాకను ఆపివేశారు.

చేపను పట్టుకుపోవటం ఒక తప్పయితే, బయటి చేపను తెచ్చి వదలటం మరింత పెద్ద తప్పు. తిలాపియా అనే ఆఫ్రికా చేప ఈ దేశంలోని కొన్ని వాదీలలో, ఆనకట్టల నీటిలో చేరింది. అది ఎక్కడైనా బతుకుతుంది, త్వరగా పిల్లలు పెడుతుంది, ఉన్న తిండి తినేస్తుంది. మన దేశానికి కూడా 1952లో దానిని తెచ్చారు. చాలా చెరువులలో స్థానిక చేపలకు అది పోటీ అయి కూర్చున్నది. గాజుతొట్టెలో పెంచుకున్న చేపమీద విసుగు పుడితే దానిని దయతలచి వాదీలో వదలటం దయ కాదని తెలుసుకోండి.

నల్లమల కొండలలో కృష్ణ

ఇప్పుడు ఆ అబ్బాయి తాతగారు ఉండే చోటుకు వెళదాం.

కృష్ణానది మహారాష్ట్రలోని మహాబలేశ్వరం దగ్గర పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. తుంగభద్రను కలుపుకొన్న తరువాత నల్లమల కొండల మధ్య లోతైన లోయలో పారుతుంది. అక్కడ దానికి రెండు పెద్ద జలాశయాలు కట్టారు. మొదటిది శ్రీశైలం, రెండోది నాగార్జునసాగర్. సాగర్‌కు 1955 డిసెంబరు 10న అప్పటి ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. శ్రీశైలం ఆనకట్ట ఎత్తు 145 మీటర్లు. 1980 దశకం మొదట్లో అక్కడ నీరు నిలపటం ప్రారంభమైంది. నిండినప్పుడు ఆ జలాశయం 600 చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకుంటుంది.

అంత నీరు ఊరికే రాలేదు. శ్రీశైలం నీటి కింద సుమారు వంద గ్రామాలు మునిగిపోయాయి. పొలాలు పోయినవాళ్ళు, ఇళ్ళు పోయినవాళ్ళు ఎందరో. సంగమేశ్వరంలోని గుడి నేటికీ వరదకు మునిగి, వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది.

ఊళ్ళు పోయినచోటికి పడవలు వచ్చాయి. సముద్రతీరంలో చేపలవేట తెలిసిన ఎన్నో కుటుంబాలు విశాఖపట్నం, తూర్పు గోదావరి వైపు నుంచి ఈ జలాశయాలకు వలస వచ్చాయి. శ్రీశైలం ఆనకట్ట దిగువన ఉన్న లింగాలగట్టు అలాంటి ఊరే. నల్లమల అడవిలో తరతరాలుగా ఉన్న చెంచులలో కూడా చేపలు పట్టేవారు ఉన్నారు.

అక్కడ వేట ఎలా సాగుతుందో చూడండి. వెదురుతో బుట్టలా అల్లి, నీరు చొరకుండా అడుగున పూత పూసిన గుండ్రని పడవను పుట్టి అంటారు. అందులో ఇద్దరు కూర్చుంటారు. ఒకరు తెడ్డు వేస్తే ఒకరు వల వదులుతారు. సాయంకాలం వలను నీటిలో గోడలా నిలబెట్టి వస్తారు. దానిలోకి తల దూర్చిన చేప మొప్పల దగ్గర చిక్కుకుంటుంది. తెల్లవారుజామున వెళ్ళి వల ఎత్తుతారు. ఒడ్డు దగ్గర విసురువల వేసేవాళ్ళు, గాలం వేసేవాళ్ళు కూడా ఉంటారు. బొచ్చె, శీలావతి, వాలుగ, జెల్ల, కొర్రమీను వంటివి పడతాయి.

ఆ బతుకు సుఖమైనది కాదు. కొండల మధ్య ఒక్కసారిగా గాలి లేస్తే పుట్టి తిరగబడుతుంది. నీటిలో మొసళ్ళు ఉన్నాయి. ఒడ్డున పెద్దపులుల రక్షిత అడవి ఉన్నది. ఒక రోజు వల బరువుగా వస్తుంది, మూడు రోజులు ఖాళీగా వస్తుంది. మీరు కంచంలో ముల్లు తీసి పక్కన పెట్టే ముక్క వెనుక ఒకరి నిద్రలేని రాత్రి ఉన్నదని మరవకండి.

వల కన్ను ఎంత ఉండాలి?

బొచ్చె, శీలావతి చేపలు నిలిచిన నీటిలో గుడ్లు పెట్టవు. వానాకాలపు కొత్తనీరు వచ్చినప్పుడు వరదకు ఎదురు ఈది, పారే నీటిలో లక్షల గుడ్లు వదులుతాయి. ఆ ఎదురీతకు ఆనకట్ట గోడ అడ్డం నిలుస్తుంది. అందుకే జలాశయాలలోకి ప్రభుత్వాలు చేపపిల్లలను తెచ్చి వదులుతూ ఉంటాయి. ఆ పిల్లలు ఎక్కడివి? 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు మందు ఎక్కించి చేపల చేత గుడ్లు పెట్టించటంలో విజయం సాధించాడు. అప్పటినుంచి మన దేశంలో చేపపిల్లల పెంపకం వ్యాపించింది. ఆ రోజును ఏటా జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుకుంటారు.

గుడ్లు పెట్టే కాలంలో, సాధారణంగా జులై, ఆగస్టు నెలలలో, నదులలో, జలాశయాలలో వేట నిషేధిస్తారు. ఆ రెండు నెలలు గడవటానికి అప్పు తెచ్చుకునే కుటుంబాలు ఉన్నాయి. అయినా నిజమైన జాలరి ఆ నియమాన్ని పాటిస్తాడు. ఎందుకంటే అది తన రేపటి కూడు.

కాని కొందరు అలివి వలలు వాడతారు. అలివి వల అంటే దోమతెర వంటి సన్నని కన్నులు గల పెద్ద వల. దానిని లాగితే వేలెడు పిల్ల కూడా తప్పించుకోలేదు. కిలో తూగే చేప కావలసినది గుప్పెడు ఎండుచేపల కింద పోతుంది. అందుకే అలివి వలలను నిషేధించారు. అయినా ఏటా జలాశయాలలో అవి పట్టుబడుతూనే ఉన్నాయి. వాటివల్ల మొదట నష్టపోయేది పెద్ద కన్ను వల వేసే పేద జాలరి.

తాతగారి జవాబు

ఆ అబ్బాయి ఆ రాత్రి తాతగారికి ఫోను చేశాడు. మరుసటి వారం ఆయన చెప్పిన మాటలను కాపీ పుస్తకంలో రాసుకొని వచ్చి చదివాడు. ఆయన ఇలా అన్నారట:

"ఒరేయ్ అబ్బాయీ, వానాకాలం రెండు నెలలు నేనూ వల ముట్టను గదరా! కడుపుతో ఉన్న చేపను పట్టి ఏం బావుకుంటాం? నా నీళ్ళలో చేపలెన్నో నేను లెక్కపెట్టలేను. నీ మడుగులో నువ్వు లెక్కపెట్టావు. పన్నెండే అన్నావు. లెక్కకు అందే చేపలను పట్టకూడదురా."

తరగతిలో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒక అమ్మాయి లేచి, "మరి అలివి వలలు వేస్తూ పోతే తాతగారి చేపలు కూడా ఒకనాటికి లెక్కకు అందుతాయి కదండీ!" అన్నది. నేను చెప్పవలసిన మాట ఆమే చెప్పింది.

ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు ఇప్పుడు మీకు తెలిసిపోయింది. చేపను పట్టటం ఒకచోట న్యాయమైన పని, ఒకచోట అన్యాయం. నీరు ఎంత, చేపలు ఎన్ని, కాలం ఏది, అవసరం ఎవరిది అన్న నాలుగు ప్రశ్నలు వేసుకొని చూస్తే ఏది ఏదో తేలుతుంది. తాతగారికి అది అన్నం. అబ్బాయికి అది ఒక పూట సరదా. చేపకు మాత్రం రెండుచోట్లా అది ప్రాణమే.

వాదీకి వెళ్ళేటప్పుడు

వాన సూచన ఉన్న రోజున వాదీలోకి దిగకండి. మీ తలమీద ఎండ కాస్తున్నా పైన కొండల్లో కురిసిన నీరు కొద్ది నిమిషాలలో గోడలా వచ్చిపడుతుంది. 2022 జులై చివరిలో ఫుజైరాలో 255 మిల్లీమీటర్ల వాన పడింది. అంటే రెండేళ్ళకు పైగా కురవవలసిన వాన ఒక్కసారిగా కురిసింది. వీధులు ఏరులయ్యాయి. ఆ వరదలలో దేశంలో ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. వాన వేళ పారే వాదీలోకి వాహనం దింపటం ఇక్కడి చట్టం ప్రకారం నేరం. 2023లో దానికి భారీ జరిమానాలు పెట్టారు.

మంచి రోజున అనుమతి ఉన్నచోటికి పెద్దలతో కలిసి వెళ్ళండి. మడుగు ఒడ్డున కదలకుండా కూర్చోండి. సబ్బు, నూనె, తిండి నీటిలో పడనీయకండి. కొంతసేపటికి రాయి అనుకున్నది కదులుతుంది. అదే గరా. చేతితో కాక కంటితో పట్టండి. ఇంటికి వచ్చి బొమ్మ గీయండి.

మా తరగతి గోడమీద అలాంటి బొమ్మ ఒకటి ఉన్నది. అందులో మడుగు, రాళ్ళు, తొమ్మిది చేపలు ఉన్నాయి. పన్నెండు ఎందుకు గీయలేదని ఎవరూ ఆ అబ్బాయిని అడగలేదు.

అభ్యాసం

1. పదాలు – అర్థాలు

మడుగు : నీరు నిలిచిన లోతైన చోటు
ఊట : నేలలోనుంచి ఉబికే నీరు
వాదీ : కొండలలో వాననీరు పారే రాతి లోయ
ఫలజ్ : తోటలకు నీరు తెచ్చే పాతకాలపు కాలువ
జలాశయం : ఆనకట్ట వెనుక నిలిచిన నీరు
పుట్టి : వెదురుతో అల్లిన గుండ్రని పడవ
మొప్పలు : చేప ఊపిరి తీసుకునే అవయవాలు
వల కన్ను : వలలోని దారాల మధ్య ఉండే రంధ్రం
సింధుశాఖ : భూమిలోకి చొచ్చుకువచ్చిన సముద్రభాగం

2. ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి

అ) గరా చేప నోటి ప్రత్యేకత ఏమిటి?
ఆ) వాన లేనప్పుడు వాదీలో నీరు ఎలా కనిపిస్తుంది?
ఇ) సీసాలోని చేపలు ఎందుకు చనిపోయాయి?
ఈ) అలివి వలలను ఎందుకు నిషేధించారు?
ఉ) జులై 10వ తేదీ ప్రత్యేకత ఏమిటి?

3. పది వాక్యాలలో రాయండి

అ) "లెక్కకు అందే చేపలను పట్టకూడదు" అని తాతగారు ఎందుకు అన్నారు? మీరు అంగీకరిస్తారా?
ఆ) శ్రీశైలం జలాశయం వల్ల కొందరు పోగొట్టుకున్నది ఏమిటి? కొందరికి దొరికినది ఏమిటి?
ఇ) వేట నిషేధించిన రెండు నెలలలో జాలరి కుటుంబానికి ఎవరు, ఏ విధంగా సాయపడాలని మీరు అనుకుంటారు?

4. ఖాళీలు పూరించండి

అ) అరబ్బీ భాషలో హజర్ అంటే ........
ఆ) వాదీ వురయ్యాను రక్షిత ప్రాంతంగా ప్రకటించిన సంవత్సరం ........
ఇ) కృష్ణానది ........ దగ్గర పుట్టింది.
ఈ) తిలాపియాను మన దేశానికి తెచ్చిన సంవత్సరం ........

5. జాతీయాలు, సామెతలు

కింది వాటి అర్థం పెద్దలను అడిగి తెలుసుకొని సొంత వాక్యాలలో ప్రయోగించండి.
ఒడ్డున పడ్డ చేప; గాలం వేయటం; ఏటికి ఎదురీదటం; చేపపిల్లకు ఈత నేర్పాలా?

6. వ్యాకరణం

జల + ఆశయం = జలాశయం (సవర్ణదీర్ఘ సంధి)
నీరు + ఎండిన = నీరెండిన (ఉత్వ సంధి)
ఇటువంటి పదాలు మరి రెండేసి రాసి విడదీయండి.

7. చేయండి

మీ ఇంట్లోని పెద్దలకు ఫోను చేసి, వారి ఊరి ఏటిలో, చెరువులో దొరికే చేపల పేర్లు అడిగి రాసుకోండి. వారి చిన్నతనంలో దొరికి ఇప్పుడు దొరకని చేప ఏదైనా ఉన్నదా? ఉంటే దాని పేరును ప్రత్యేకంగా రాసి తరగతిలో చదవండి.